ఊపు వచ్చేదాకా ఆగొద్దు

(కడపలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఉద్యోగులు, గృహిణులు కలిసి కూర్చున్న ఒక సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. పొద్దు వాలినా వేడి తగ్గలేదు. అయినా ఇంతమంది వచ్చినారు కాబట్టి నేరుగా విషయంలోకి పోతాను.

ఉగాదికి మనలో చాలామంది ఏదో ఒకటి మొదలుపెడతాం. పొద్దున్నే నడక, రోజుకు పది పేజీలు చదవడం, ఫోను తగ్గించడం, పిల్లల మీద అరవకపోవడం. తొమ్మిదో రోజు శ్రీరామనవమి. ఒంటిమిట్టకు పోయి వచ్చేసరికి మొదలుపెట్టింది ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాత "నాకు పట్టుదల లేదులే" అని మనమీద మనమే తీర్పు చెప్పుకుంటాం. ఆ తీర్పు మనిషికి చాలా చేటు చేస్తుంది. ఒకసారి అట్లా అనుకున్నవాడు రెండోసారి మొదలుపెట్టడానికి జంకుతాడు. అసలు లోపం ఎక్కువసార్లు పని పెట్టుకున్న తీరులో ఉంటుంది. ఆ తీరును విప్పి చూడొచ్చు, సరిచేసుకోవచ్చు. ఈ పూట నేను చేయబోయేది అదే.

మొదట వరస సంగతి. "మనసు కుదుటపడితే చదువుతాను", "ఉత్సాహం వస్తే నడుస్తాను", "దిగులు తగ్గినాక నలుగురిలోకి పోతాను" అంటాం. ముందు మనసు, ఆ వెనక పని అని మన లెక్క. 1970లలో అమెరికాలోని ఆరిగన్‌లో పీటర్ లూయిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుంగుబాటులో ఉన్నవాళ్ళ రోజువారీ జీవితాన్ని గమనించి వేరే లెక్క చెప్పినాడు. తృప్తినిచ్చే పనులు ఏ కారణంతోనైనా తగ్గిపోతే మనసు దిగజారుతుంది. మనసు దిగజారినవాడు ఇంకో నాలుగు పనులు మానుకుంటాడు. మానుకునేకొద్దీ ఇంకా దిగజారుతుంది. పరీక్ష పోయిన పిల్లవాణ్ణి చూడండి. మొదటి వారం స్నేహితుల దగ్గరికి పోవడం మానేస్తాడు, ఏమడుగుతారోనని. రెండో వారం సాయంత్రం ఆట మానేస్తాడు. మూడో వారానికి స్నానం మధ్యాహ్నానికి జరుగుతుంది. పరీక్ష పోయిన బాధ ఒకటే అయితే కొన్నాళ్ళకు పలచబడి ఉండేది. పనులన్నీ పోవడంతో బాధ తప్ప రోజులో ఇంకేమీ మిగల్లేదు.

కాబట్టి చికిత్స చేసేవాళ్ళు ఈ చక్రాన్ని పని దగ్గర పట్టుకుంటారు. మనసును పట్టుకుని "మారు" అంటే మారదు, అది మన చేతిలో లేదు. లేచి ముఖం కడుక్కుని వీధి చివరిదాకా నడవడం మన చేతిలో ఉంది. పాత చేతిపంపులో ముందు చెంబెడు నీళ్ళు పోసి కొడితేగానీ లోపలి నీళ్ళు పైకి రావు, అట్లాంటిది ఇది. మన దేశంలోనే దీనికి గట్టి రుజువు ఉంది. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తీవ్రంగా కుంగిపోయిన 495 మందితో ఒక ప్రయోగం చేసినారు. సలహా ఇచ్చినవాళ్ళు డాక్టర్లు కారు, మానసిక వైద్యంలో చదువు లేని స్థానికులే, కొన్ని వారాల శిక్షణ పొందినవాళ్ళు. ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోసారి అర్ధగంట పైచిలుకు కూర్చుని, రోజులో ఏ పనులు వదిలేసినారో చూసి వాటిని చిన్నచిన్నగా మళ్ళీ మొదలుపెట్టించడం వాళ్ళ పని. మూడు నెలలకు ఆ సాయం అందినవాళ్ళలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో తేరుకున్నది 39 శాతం. ఈ ఫలితం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అంత తీవ్రమైన స్థితిలో పనిచేసిన పద్ధతి మన మామూలు బద్ధకానికి, నీరసానికి, "ఏమీ తోచడం లేదు"కి పనిచేయదా? చేస్తుంది. అయితే దాన్ని సరిగ్గా వాడాల.

ఎట్లా వాడాలంటే, మొదటి వారం ఏదీ మార్చవద్దు. రాసుకోవడం ఒక్కటే. నలభై పేజీల నోటు పుస్తకం చాలు. పేజీకి ఒక రోజు. లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంటకు ఒక గీత. ఆ గంటలో ఏం చేసినారో నాలుగు మాటల్లో రాసి, పక్కన రెండు అంకెలు వేయండి. మొదటి అంకె తృప్తి, సున్నా నుంచి పదిదాకా. రెండోది చేతనైన పని చేశానన్న భావం, అది కూడా సున్నా నుంచి పది. రెండు అంకెలు ఎందుకంటే అవి వేరువేరు. బట్టలు ఉతకడంలో తృప్తి రెండే ఉండొచ్చు, కానీ దండెం నిండా ఆరేసినాక చేశానన్న భావం ఆరు ఉంటుంది. రోజుకు మూడుసార్లు నింపండి: మధ్యాహ్నం అన్నం తిన్నాక, దీపాలు పెట్టే వేళ, పడుకునే ముందు. అంతా రాత్రికే రాద్దామనుకుంటే పుస్తకం చెడిపోతుంది. అలసిపోయి కూర్చున్న మనిషికి రోజంతా అలసటగానే కనిపిస్తుంది, పొద్దున నవ్విన గంటకు కూడా మూడు మార్కులే వేస్తాడు.

గ్రూప్-2కు చదివే ఒక అమ్మాయి పేజీ ఇట్లా ఉండొచ్చు అనుకుందాం. పొద్దున ఆరు నుంచి ఏడు, పడక మీదే ఫోను: 2, 0. ఏడు నుంచి ఎనిమిది, వాకిలి ఊడ్చి కుళాయి నీళ్ళు పట్టడం: 3, 5. తొమ్మిది నుంచి పన్నెండు, పాలిటీ, ప్రాథమిక హక్కులు మూడోసారి చదవడం: 4, 3. రెండు నుంచి నాలుగు, సగం నిద్ర, సగం ఫోను: 3, 0. అయిదు నుంచి ఆరు, అవ్వ పక్కన కూర్చుని చెనిక్కాయలు వొలుస్తూ మాటలు: 8, 5. రాత్రి పది నుంచి పదకొండున్నర, రీల్స్: 2, 0. ఇప్పుడు ఈ పేజీని చదవండి. ఆమెను అడిగితే ఫోను తనకు విశ్రాంతి అంటుంది, అవ్వ దగ్గర కూర్చున్న గంట చదువుకు నష్టం అంటుంది. ఆమె చేత్తో వేసిన అంకెలే దానికి ఎదురు చెప్తున్నాయి. విశ్రాంతి అనుకున్నదానికి మూడు గంటలకు పైగా పోయింది, ఒక్కసారి కూడా మూడు దాటలేదు. నష్టం అనుకున్న గంట రోజు మొత్తంలో పై అంకె తెచ్చింది. వారం రాస్తే ఇట్లాంటివి రెండు మూడు తప్పకుండా బయటపడతాయి. ఊరికే కూర్చుని "నాకు ఏమంటే ఇష్టం" అని ఆలోచిస్తే ఇవి దొరకవు, ఎందుకంటే మనకు తోచే జవాబులో సగం నలుగురూ చెప్పేదే ఉంటుంది.

ఈ వారం రాతలో ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెప్తాను. మూడో రోజుకు సిగ్గేస్తుంది. ఫోను మూడు గంటలు అని రాయడానికి చెయ్యి రాదు, గంటన్నర అని రాస్తారు. ఆ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే రెండో వారానికి పనికిరాదు.

రెండో వారంలో ఒక్క పని ఎన్నుకోండి. ఒక్కటే. పై అంకె తెచ్చిన పనుల్లో ఒకదాన్ని పెంచుకోవచ్చు, లేదా మీకు విలువైనదై ఉండి పేజీలో ఎక్కడా కనిపించని పనిని చేర్చుకోవచ్చు. నడక, చదువు, ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోను, ఏదైనా సరే. దాన్ని ఒక వాక్యంగా రాయాల. ఈ వాక్యం రాసే తీరులోనే సగం పని ఉంది.

పీటర్ గోల్‌విట్జర్ అని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ కలిసి విద్యార్థులకు ఒక పని ఇచ్చినారు: క్రిస్మస్ ముందు రాత్రి ఎట్లా గడిపినారో రెండు రోజుల్లోపు రాసి పంపాల. అందరూ పంపుతామన్నారు. సగం మందిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిమ్మన్నారు. అట్లా రాసిచ్చినవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి పైగా సమయానికి పంపినారు. రాసివ్వనివాళ్ళలో పంపింది దాదాపు మూడో వంతు. కోరిక ఇద్దరికీ ఒకటే, తేడా ఆ ఒక్క వాక్యం.

వాక్యంలో నాలుగు భాగాలు ఉండాల. ఏది జరిగిన వెంటనే, ఎక్కడ, ఏ పని, ఎంత. "రోజూ చదవాల" అనేదాంట్లో ఈ నాలుగూ లేవు. "పొద్దున చదువుతాను" అనేది కాస్త మేలు, కానీ పొద్దున అంటే ఎప్పుడు? అయిదా, తొమ్మిదా? "పొద్దున టీ గ్లాసు కడిగి బోర్లించిన వెంటనే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నిన్న చదివిన పాఠం నుంచి అయిదు ప్రశ్నలకు పుస్తకం మూసి జవాబు రాస్తాను." ఇది పనికొచ్చే వాక్యం. గడియారం టైము కంటే ముందు జరిగే పనికి కట్టడం నయం. ఆరు గంటలైనట్టు ఎవరో చెప్పాల, గ్లాసు కడిగిన సంగతి మీ చేతికే తెలుస్తుంది.

ఆ ముందు పనిని ఎన్నుకోవడంలో ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. అది ప్రతిరోజూ, దాదాపు ఒకే వేళకు జరిగేదై ఉండాల. కుళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలో ఉండి "నీళ్ళు పట్టుకున్నాక నడుస్తాను" అని రాసుకుంటే వారంలో సగం రోజులు ఆ గుర్తు రానే రాదు. "పిల్లలు బడికి పోయినాక" అని పెట్టుకున్న తల్లికి వేసవి సెలవుల్లో మొత్తం జారిపోతుంది. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళు టైముకు కట్టకూడదు, "డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచిన వెంటనే" అని కట్టుకోవాల. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ నలభై దాటుతుంది. ఉగాదికి ఏడున్నరకు మొదలుపెట్టిన నడక మే నెలలో ఏడున్నరకు సాగదు. ఆ రెండు నెలలకు వేరే వాక్యం ముందే రాసి పెట్టుకోండి, ఆరు లోపల అని. వేసవి వచ్చినాక ఆలోచిద్దాం అనుకుంటే వేసవి గెలుస్తుంది.

ఎంత అనేదాని గురించి కొంచెం గట్టిగా చెప్తాను. మీకు జ్వరం తగిలి తగ్గిన మరుసటి రోజు కూడా చేయగలిగినంతే రాసుకోండి. అయిదు ప్రశ్నలు. పది నిమిషాల నడక. రెండు పేజీలు. ఊపు ఉన్న రోజు ఇరవై చేయండి, ఎవరూ వద్దనరు, కానీ మరుసటి రోజు లెక్క మళ్ళీ అయిదే. ఇరవై చేసిన మనిషి రేపటి నుంచి ఇరవైకి తగ్గకూడదని పెట్టుకుంటాడు. నాలుగో రోజు ఇంటికి చుట్టాలు వస్తారు, ఇరవై కుదరదు, అయిదు చేస్తే అవమానంగా ఉంటుంది, సున్నా చేస్తాడు. పెద్ద లెక్క పెట్టుకున్నవాళ్ళు ఆగిపోయేది ఎక్కువగా ఈ చోటే.

ఎన్నాళ్ళకు అలవాటు అవుతుంది అంటే అందరూ 21 రోజులు అంటారు. అది 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి వచ్చింది. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్ళు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించినాడు. "కనీసం" అన్న మాట జారిపోయింది, ముఖం సంగతి జారిపోయింది, 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, సహచరులు 96 మందిని 84 రోజులు గమనించినారు. తిండికి, వ్యాయామానికి సంబంధించిన ఒక్కో కొత్త పనిని వాళ్ళు రోజూ ఒకే గుర్తు వెంబడి చేసినారు. ఆలోచించకుండా చేసే స్థితి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులే, ఇంకొకరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. గ్లాసు నీళ్ళు తాగడం లాంటిది త్వరగా కుదిరింది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనది వేరే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. 22వ రోజుకు ఇంకా కష్టంగా ఉందని మానేసినవాళ్ళు, ఒక రోజు తప్పిందని మానేసినవాళ్ళు, ఈ రెండు రకాలవాళ్ళూ అక్కరలేకుండా మానేసినారు. పెళ్ళికి పోయినారు, రెండు రోజులు తప్పింది, సరే. తిరిగొచ్చిన మొదటి పొద్దున గ్లాసు కడిగి కూర్చోండి. తప్పిన రోజులకు కలిపి మూడింతలు చేయవద్దు.

ఇప్పుడు చదువుకునే పిల్లలకు ఒక మాట. మనసు ఎట్లా తప్పుదారి పట్టిస్తుందో చదువులో స్పష్టంగా కనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పాఠాన్ని విద్యార్థులకు ఇచ్చినారు. కొందరు రెండుసార్లు చదివినారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసినారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళకే మేలు, 81 శాతం, రాసినవాళ్ళకు 75. వారం తర్వాత పెడితే తిరగబడింది: చదివినవాళ్ళకు 42, రాసినవాళ్ళకు 56. మళ్ళీ చదవడం హాయిగా ఉంటుంది, వచ్చేసింది అనిపిస్తుంది. పుస్తకం మూసి రాయడం చిరాగ్గా ఉంటుంది, ఏమీ రాదు అనిపిస్తుంది. ఆ చిరాకును చూసి "ఈ పద్ధతి నాకు పడదు" అని వదిలేస్తారు. ఇందాకటి పేజీలో ప్రాథమిక హక్కులు మూడోసారి చదివిన అమ్మాయి మూడు గంటలు పెట్టి, చేశానన్న భావానికి మూడే వేసుకున్నది, ఆ అంకె నిజమే చెప్పింది. ఆ మూడు గంటల్ని ఇట్లా మార్చండి: నలభై నిమిషాలు చదువు, పుస్తకం మూసి ఇరవై నిమిషాలు రాత, రాసినదాన్ని పుస్తకంతో పోల్చి తప్పులకు ఎర్ర గీత. అదే పాఠం మరునాడు, నాలుగో రోజు, పదో రోజు, చూడకుండా మళ్ళీ రాత. మొదటి వారం బాధగానే ఉంటుంది. రెండో రాతలో ఎర్ర గీతలు తగ్గడం కంటితో చూస్తారు, తృప్తి అప్పుడు వస్తుంది.

ఊపుతో కాక పద్ధతితోనే పని సాగుతుందనడానికి గుర్తుగా మన ఊళ్ళో ఒక చోటు ఉంది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు కలెక్టరు సహాయకుడిగా వచ్చినప్పుడు ఆయనకు ఇరవై ఒక్క ఏళ్ళు. తెలుగు మాట్లాడే ఊరికి కొత్తగా వచ్చిన కుర్రవాడు. కొలువుకు భాష కావాల, పరీక్ష ప్యాసు కావాల, అది మొదట బతుకుతెరువు. తర్వాత వేమన పద్యాల ప్రతులు చేతికి వచ్చినాయి, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని ప్రతుల్ని ఒకదానితో ఒకటి పోల్చి తప్పులు దిద్దే పని పట్టుకున్నాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయితే తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది, కడపకు వచ్చిన ముప్ఫై రెండేళ్ళకు. మధ్యలో బదిలీలు, కొలువు పోయిన కాలం, అప్పులు అన్నీ ఉన్నాయి. ఆయన బంగళా ఉన్న చోటే ఈ రోజు గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. పిల్లలు అక్కడికి పోయి చదువుకుంటారు కదా, ఒకసారి ఆ తేదీల మధ్య దూరాన్ని చూడండి. ప్రతి రోజూ ఉత్సాహంతో లేచి చేసే పని కాదు అది. పోల్చి చూసే పద్ధతి ఒకటి కుదిరింది, పక్కన మనుషులు ఉన్నారు, పని సాగింది.

సంతోషం గురించి అడగడానికే చాలామంది వచ్చినారని నాకు తెలుసు. "ఉద్యోగం వస్తే సంతోషంగా ఉంటాను", "ఇల్లు కట్టినాక నెమ్మదిగా ఉంటాను" అనుకుంటాం. ఉద్యోగం రావాల, ఇల్లు కట్టాల, వాటి విలువ తక్కువేమీ కాదు. కానీ వాటి సంతోషం అనుకున్నంత కాలం నిలవదు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, సహచరులు అమెరికాలో పెద్ద లాటరీ తగిలిన 22 మందిని, లాటరీ తగలని ఇరుగుపొరుగువాళ్ళను పోల్చి చూసినారు. సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా లాటరీ తగిలినవాళ్ళకు స్నేహితుడితో కబుర్లు, టిఫిను తినడం లాంటి చిన్నచిన్న పనుల్లో వచ్చే తృప్తి తగ్గింది. కొద్దిమందితో చేసిన అధ్యయనం, కానీ అలవాటైన సుఖం చప్పబడుతుందని ఆ తర్వాత చాలామంది చూసినారు. కొత్త బండి కొన్న నెలకు అది బండి, అంతే.

చప్పబడకుండా ఎక్కువ కాలం నిలిచేవి రెండు అని నా అభిప్రాయం: మనకు అంతకంతకూ చేతనవుతున్న పని, మన మనుషులతో గడిచే సమయం. రెండూ రోజురోజుకూ కొంచెం మారుతుంటాయి, అందుకే మనసు వాటికి అంత తొందరగా అలవాటు పడదు. మీ నోటు పుస్తకంలో పై అంకెలు ఎక్కడ పడినాయో మీరే చూసుకోండి.

మేలు జరిగినవి రాసుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. 2003లో ఎమన్స్, మెకల్లో చేసిన ప్రయోగంలో పది వారాలు, వారానికి ఒకసారి అయిదు మేళ్ళు రాసినవాళ్ళు చికాకులు రాసినవాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారు. రోజూ రాస్తే మూడో వారానికి "ఆరోగ్యం, కుటుంబం, దేవుడు" అని అవే మాటలు పడతాయి, మనసుకు అంటవు. వారానికి ఒక పూట చాలు. "అమ్మ మంచిది" అని రాయవద్దు. "బుధవారం కరెంటు పోతే అమ్మ విసనకర్రతో విసురుతూ కూర్చుంది, నేను చదువుకున్నాను" అని రాయండి. ఆ తర్వాత ఆ మాట అమ్మతో చెప్పండి.

శరీరం సంగతి త్వరగా ముగిస్తాను. నిద్రకు పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం, ఆదివారం కూడా అదే వేళకు లేవండి. టీ, కాఫీలోని కెఫీన్ సగం కరగడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం ఆరు గంటల టీలో సగం రాత్రి పదకొండుకు కూడా లోపలే ఉంటుంది. నిద్ర పట్టనివాళ్ళు చివరి టీ మధ్యాహ్నం మూడుకు జరపండి. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుకైన నడక అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోజుకు అర్ధగంట చొప్పున అయిదు రోజులు. ఫోను చార్జింగు పడకగదిలో పెట్టొద్దు, వంటింట్లో పెట్టండి, అలారానికి వంద రెండు వందల గడియారం కొనుక్కోండి. దగ్గర్లో లేని వస్తువును తీసుకోకుండా ఉండడానికి పట్టుదల అక్కరలేదు.

ఇంకొకటి చెప్పకుండా ముగించలేను. వానలు పడక పంట పోయి, అప్పు మీద వడ్డీ పెరుగుతున్న రైతును కూర్చోబెట్టి "నీ ఆలోచన మార్చుకో, అంతా బాగుంటుంది" అనడం అన్యాయం. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో పుట్టిన మనకు ఆ తేడా తెలిసి ఉండాల. ఆయనకు కావలసింది పంట బీమా, బ్యాంకు వాయిదా, పక్కన నిలబడే మనిషి. నేను చెప్పిన పద్ధతి ఆ కష్టంలో లేచి తిరగడానికి కొంత బలం ఇస్తుంది, కష్టాన్ని తీర్చదు. అట్లాగే, రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండి, ఏ పని మీదా ఇష్టం లేక, నిద్ర, తిండి చెడి, చావు ఆలోచనలు వస్తుంటే అది నోటు పుస్తకంతో పోయేది కాదు. డాక్టరు దగ్గరికి పోవాల. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ ఉంది. 14416కు ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి, మీకు కాకపోయినా ఇంకెవరికైనా కావచ్చు.

ఇక ప్రశ్నలు.

"నేను పొద్దున్నే నడక మొదలుపెడితే ఇంట్లో 'ఏందప్పా, ఇన్నేండ్లకు బుద్ధొచ్చిందా' అని నవ్వుతారు. రెండు రోజులకే మానేస్తున్నా."

అన్నా, వాళ్ళకు ముందుగా ప్రకటించవద్దు. "రేపటి నుంచి రోజూ గంట నడుస్తా" అని అందరి ముందు చెప్తే మానేసిన రోజు లెక్క అడుగుతారు. పాలు తేవడానికి మీరే పోండి, దూరంగా ఉన్న అంగడికి పోండి. పది నిమిషాల నడక అట్లా దొరుకుతుంది, ఎవరికీ వివరణ చెప్పక్కరలేదు. ఇంట్లో నవ్వేవాళ్ళలో ఒక్కరిని, మీకు చనువున్నవాళ్ళను, వెంట రమ్మని అడగండి. ఇద్దరు కలిసి చేస్తే నవ్వేవాళ్ళు ఒకరు తగ్గుతారు.

"కోపం తగ్గించుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నా కావడం లేదు, సార్. పిల్లల మీద అరిచి మళ్ళీ నేనే ఏడుస్తా."

అమ్మా, "అరవను" అని పెట్టుకుంటే ఆ క్షణంలో చేయడానికి చేతికి ఏ పనీ ఉండదు. ఏం చేస్తారో పెట్టుకోవాల. కోపం వచ్చే ముందు ఒంట్లో ఒక గుర్తు వస్తుంది. కొందరికి పళ్ళు బిగుస్తాయి, కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి మాట వేగం పెరుగుతుంది. మీది ఏదో వారం రోజులు గమనించండి, ఆపాలని చూడొద్దు. తర్వాత వాక్యం రాయండి: "పళ్ళు బిగిసినట్టు తెలిసిన వెంటనే వంటింట్లోకి పోయి గ్లాసు నీళ్ళు తాగి వస్తాను." మొదట్లో అరిచేసినాక గుర్తొస్తుంది, అప్పుడు కూడా పోయి నీళ్ళు తాగండి. కొన్నాళ్ళకు అరుస్తుండగా గుర్తొస్తుంది, ఆ తర్వాత అరవక ముందు. ఇంకోటి, ఏ వేళకు అరుస్తున్నారో పుస్తకంలో చూడండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్యనే ఎక్కువ అయితే అది ఆకలి, అలసట. అయిదున్నరకు ఏదైనా తినండి.

"మా వాడికి రెండుసార్లు ఉద్యోగం తప్పిపోయింది. గది తలుపు వేసుకుని ఉంటాడు. ఏం చెప్పినా వినడు. మాది పల్లె, సేద్యం."

చెప్పడం కొన్నాళ్ళు ఆపండి పెద్దాయనా. ఇప్పటికే ఆ పిల్లవాడు తనకు తాను మీకంటే ఎక్కువ చెప్పుకుంటున్నాడు. పరీక్ష మాట, పక్కింటివాళ్ళ అబ్బాయి మాట ఎత్తొద్దు. రేపు చేనికి పోతూ "డ్రిప్పు పైపు ఎక్కడో కారుతోంది, నా కంటికి ఆనడం లేదు, రా" అని పిలవండి. నిజంగా కారుతున్న పైపు దగ్గరికే పిలవండి, దొంగ సాకు అయితే కనిపెడతాడు. రాకపోతే ఏమీ అనకుండా పోండి, ఎల్లుండి ఇంకో పనికి పిలవండి. వస్తే అర్ధగంట చాలు, "చూసినావా, బయటికొస్తే ఎంత బాగుందో" అని కూడా అనొద్దు. తిండి వేళకు అందరితో కూర్చోమని వాళ్ళమ్మను పిలవమనండి, పళ్ళెం గదిలోకి పంపడం మెల్లగా తగ్గించండి. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా, మాటల్లో "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" లాంటివి దొర్లుతున్నాయా, జాగ్రత్తగా వినండి. అట్లాంటి మాట వినబడితే సూటిగా అడగండి, "చనిపోవాలని అనిపిస్తోందా నాయనా" అని. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోనుంచి, చేని దగ్గరి గదిలోనుంచి తీయించి వేరే ఇంట్లో పెట్టండి. పొద్దున్నే ఓపీ తెరిచే వేళకు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి. చీటీ వరసలో మీరు నిలబడండి, వాణ్ణి బెంచీ మీద వాళ్ళమ్మ పక్కన కూర్చోబెట్టండి.